కొడుకు గాయానికి కట్టు కట్టిన తల్లి: హజ్రత్ ఉమ్మె అమ్మారా (రజి)

ద్వారకా తిరుమల నుంచి భీమడోలు మీదుగా తాడేపల్లిగూడెం వైపు తిరిగేవారికి మాధవరం పేరు కొత్త కాదు. జనం ఆ ఊరిని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ కొడుకులను పంపిన ఊరది. తరాలు మారినా అక్కడి ఇళ్ళ నుంచి సైన్యంలోకి వెళ్ళే దారి మూసుకుపోలేదు. ఆ ఊరనే ఏముంది, కొల్లేటి ఒడ్డు గ్రామాల నుంచీ మెట్ట ప్రాంతం నుంచీ సైన్యంలో చేరినవారు ఎందరో. వారిలో మన పిల్లలూ ఉన్నారు. సెలవు అయిపోయిన జవాను పెట్టె భుజాన పెట్టుకొని బస్సు ఎక్కుతుంటే, కిటికీ కింద నిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకునే తల్లిని మనం చాలాసార్లు చూశాం. 1999లో కార్గిల్ యుద్ధం జరిగిన ఆ వేసవిలో ఇలాంటి తల్లులు రేడియో దగ్గర నుంచి కదలలేదు.

కొడుకు గాయపడ్డాడని కబురు వస్తే ఆ తల్లి ఏం చేస్తుంది? మొదట జానమాజ్ పరుస్తుంది. తరువాత జుమాకు వెళ్ళే మనిషి చేతిలో ఒక చీటీ పెట్టి, నమాజు తరువాత నా బిడ్డ కోసం దుఆ చేయించమని ఇమామ్ సాహెబుకు చెప్పమంటుంది. చీటీ చదువుతారు, అందరం ఆమీన్ అంటాం, చెప్పులు వేసుకొని ఇంటికి వెళ్ళిపోతాం. ఆ చీటీ రాసిన ఇంటి తలుపు తట్టేవారు మనలో ఎందరు? ఈ ప్రశ్న మనసులో పెట్టుకొని ఈ వారం మనం పద్నాలుగు వందల ఏళ్ళ కిందటి ఒక తల్లి జీవితాన్ని చూద్దాం. కొడుకు చేతి నుంచి నెత్తురు కారుతుండగా ఆమె కూడా దుఆ కోరింది. ఎవరిని కోరిందో, ఏమని కోరిందో, ఆ తరువాత ఆమె ఇంటికి ఎవరెవరు వచ్చారో చెప్పుకోవలసిన విషయం.

ఆమె పేరు నుసైబా. కఅబ్ కుమార్తె. మదీనాలోని ఖజ్రజ్ తెగలో బనూ నజ్జార్ కుటుంబానికి చెందిన అన్సారీ స్త్రీ. చరిత్రలో ఉమ్మె అమ్మారా (రజి) అన్న పేరుతోనే ప్రసిద్ధి పొందారు. జైద్ బిన్ ఆసిమ్ (రజి)తో ఆమెకు వివాహమై ఇద్దరు కొడుకులు పుట్టారు. ఒకరు హబీబ్, మరొకరు అబ్దుల్లాహ్.

క్రీస్తు శకం 622లో హజ్ రోజుల్లో మదీనా నుంచి వచ్చిన ముస్లిములు మినా దగ్గర అఖబా లోయలో రాత్రిపూట దైవప్రవక్త ముహమ్మద్ (స)ను రహస్యంగా కలుసుకున్నారు. పక్కన పడుకున్న తమ తెగవారికి కూడా అలికిడి కాకుండా ఒక్కొక్కరే లేచి వచ్చారు. వారు 73 మంది పురుషులు, ఇద్దరు స్త్రీలు. ఆ ఇద్దరిలో ఒకరు ఉమ్మె అమ్మారా (రజి). మా భార్యాపిల్లలను ఎలా కాపాడుకుంటామో అలా మిమ్మల్ని కాపాడుకుంటామని ఆ రాత్రి అందరూ ప్రమాణం చేశారు. పురుషులు దైవప్రవక్త (స) చేతిలో చెయ్యి వేసి బైఅత్ చేశారు. స్త్రీలతో ఆయన చెయ్యి కలపలేదు, మాటతోనే వారి బైఅత్ స్వీకరించారు. కాపాడుతామన్న ఆ మాట పురుషులకు మాత్రమే చెందుతుందని ఉమ్మె అమ్మారా (రజి) అనుకోలేదు. మూడేళ్ళు తిరగకుండానే ఆ సంగతి లోకానికి తెలిసింది.

బద్ర్ లో ఓడిపోయిన మక్కా ఖురైషీలు హిజ్రీ 3వ సంవత్సరం షవ్వాల్ నెలలో, అంటే 625 మార్చిలో, మూడు వేల మందితో పగ తీర్చుకోవడానికి వచ్చారు. మదీనా నుంచి బయలుదేరిన వెయ్యి మందిలో మూడు వందల మందిని కపటవిశ్వాసి అబ్దుల్లాహ్ బిన్ ఉబై దారిలోనే వెనక్కి తీసుకుపోయాడు. మిగిలింది ఏడు వందలు. ఉహద్ కొండ దగ్గర మోహరించారు. వెనుక నుంచి శత్రువు రాకుండా యాభై మంది విలుకాండ్రను ఒక గుట్ట మీద నిలిపి, గెలిచినా ఓడినా అక్కడి నుంచి కదలవద్దని దైవప్రవక్త (స) గట్టిగా ఆజ్ఞాపించారు.

ఆ ఉదయం ఉమ్మె అమ్మారా (రజి) భర్త, కొడుకులతోపాటు రణరంగానికి వచ్చారు. భుజాన నీళ్ళ తోలుతిత్తి ఉంది. నడుముకు గుడ్డపీలికలు చుట్టుకొని వచ్చారు. గాయాలకు కట్టు కట్టడానికి ఇంటి దగ్గరే సిద్ధం చేసుకున్న పీలికలవి. ఈ మహనీయురాలి గురించి చెప్పేవారు ఎప్పుడూ ఆమె కత్తి గురించే చెబుతారు. మాకు మాత్రం ఆ నడుముకు చుట్టిన పీలికలే ముందు కనిపిస్తాయి. ఇద్దరు కొడుకులు యుద్ధానికి వెళుతున్నారు. ఎవరికి గాయమవుతుందో తెలియదు. అవుతుందని మాత్రం ఆ తల్లికి తెలుసు. దేవుడి మీద భారం వేసింది. అయినా పీలికలు చుట్టుకోవడం మరచిపోలేదు.

మొదట ముస్లిములదే పైచేయి. శత్రువు పారిపోతుండగా గుట్ట మీది విలుకాండ్రలో చాలామంది యుద్ధం అయిపోయిందనుకొని, విజయధనం కోసం కిందికి దిగారు. అప్పటికి ఇస్లాం స్వీకరించని ఖాలిద్ బిన్ వలీద్ ఆ సందు చూసుకొని గుర్రపుదళంతో చుట్టి వచ్చి వెనుక నుంచి విరుచుకుపడ్డాడు. గెలుపు కాస్తా కకావికలైంది. దైవప్రవక్త (స) మరణించారన్న పుకారు లేచింది. కొందరు కొండ వైపు, కొందరు మదీనా వైపు పరుగెత్తారు. ఆయన ముఖానికి గాయమైంది, పన్ను విరిగింది, శిరస్త్రాణం కడియాలు చెంపలో గుచ్చుకున్నాయి. చుట్టూ పట్టుమని పది మంది లేరు.

ఉమ్మె అమ్మారా (రజి) నీళ్ళతిత్తి కింద పెట్టి కత్తి దూశారు. కొడుకులతో కలిసి దైవప్రవక్త (స) ముందుకు వచ్చి నిలబడ్డారు. చేతిలో డాలు లేదు. డాలు పట్టుకొని వెనక్కి పోతున్న ఒక మనిషిని దైవప్రవక్త (స) చూసి, పోరాడేవారి కోసం దాన్ని వదిలి వెళ్ళమన్నారు. అతడు పడేసిన డాలును ఆమె అందుకున్నారు. గుర్రపు రౌతు ఒకడు మీదికి వచ్చి కొట్టిన దెబ్బ ఆ డాలు మీద పడింది. అతడు మరలుతుండగా ఆమె గుర్రం కాలి నరాన్ని కోశారు. గుర్రం కూలింది. తల్లికి సాయం వెళ్ళమని దైవప్రవక్త (స) అబ్దుల్లాహ్ ను కేకవేశారు. తల్లీ కొడుకూ కలిసి ఆ రౌతు పని పూర్తిచేశారు.

కాసేపటికే అబ్దుల్లాహ్ (రజి)కు దెబ్బ తగిలింది. తాటిచెట్టంత మనిషి ఒకడు ఎడమ చేతి మీద కొట్టి, ఆగకుండా ముందుకు సాగిపోయాడు. నెత్తురు ఆగడం లేదు. గాయానికి కట్టు కట్టుకోమని దైవప్రవక్త (స) ఆయనతో అన్నారు. ఈ మాట వినగానే తల్లి పరుగున వచ్చారు. నడుము నుంచి పీలిక లాగి కొడుకు చేతికి బిగించి కట్టారు. దైవప్రవక్త (స) అక్కడే నిలబడి చూస్తున్నారు. కట్టు ముడి వేశాక, ఇక లేచి పోరాడమని ఆమె కొడుకుకు చెప్పారు. మరే తల్లి అయినా ఆ క్షణంలో కొడుకును పక్కకు లాక్కుపోయేది. అది తప్పని కూడా మనం అనలేం. కానీ ఆ రోజు పక్కకు జరగడానికి చోటు లేదు. జరిగితే కత్తులు దైవప్రవక్త (స)కే తగులుతాయి. ఇంతటి ఓర్పు మరెవరికి ఉంటుందని ఆయన ఆమెను మెచ్చుకున్నారు.

అంతలో ఆ పొడుగుమనిషి మళ్ళీ అటుగా వచ్చాడు. నీ కొడుకును కొట్టినవాడు వీడేనని దైవప్రవక్త (స) చూపించారు. ఆమె ఎదురువెళ్ళి అతడి పిక్క మీద కొట్టారు. అతడు కూలబడ్డాడు. దైవప్రవక్త (స) దంతాలు కనిపించేలా నవ్వారని ఆమె తరువాత చెప్పుకునేవారు. ముఖం నిండా నెత్తురు ఉన్న వేళ నవ్విన నవ్వది.

ఆ తరువాత దైవప్రవక్త (స) ప్రాణం తీస్తానని అరుచుకుంటూ ఇబ్నె ఖమిఆ వచ్చాడు. అడ్డు నిలిచినవారిలో ఉమ్మె అమ్మారా (రజి) ఉన్నారు. ఆమె కొట్టిన దెబ్బలు పారలేదు, అతడు రెండు కవచాలు తొడుక్కుని ఉన్నాడు. అతడు కొట్టిన దెబ్బ మాత్రం ఆమె భుజంలో లోతుగా దిగింది. ఆ రోజు ఆమె ఒంటి మీద పన్నెండు పదమూడు గాయాలయ్యాయి. అన్నిటిలోకీ పెద్దది ఇదే.

ఇప్పుడు కేక తిరగబడింది. ఇందాక తల్లి కొడుకుకు కట్టు కట్టింది. ఇప్పుడు తల్లి గాయానికి కట్టు కట్టమని దైవప్రవక్త (స) కొడుకుకు చెప్పారు. ఆ కుటుంబం మీద అల్లాహ్ శుభాలు కురవాలని దుఆ చేశారు. ఒంటి చేత్తో అబ్దుల్లాహ్ (రజి) తల్లి భుజానికి కట్టు కడుతున్న ఆ ఘడియలో ఆమె నోరు తెరిచి ఒక్కటే కోరారు. స్వర్గంలో మాకు మీ సహచర్యం దొరకాలని అల్లాహ్ ను వేడుకోండి అన్నదే ఆ కోరిక. దైవప్రవక్త (స) అలాగే దుఆ చేశారు. ఇక ఈ లోకంలో తనకు ఏం జరిగినా లెక్కలేదని ఆమె అన్నారు.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఆమె కొడుకు చెయ్యి నయం కావాలని అడగలేదు. కొడుకులు ఇల్లు చేరాలని అడగలేదు. నాకు అని కూడా అడగలేదు, మాకు అని అడిగారు. ఇల్లంతా ఒక చోట ఉండాలి, ఆ చోటు దైవప్రవక్త (స) పక్కన ఉండాలి. విడిపోవడం ఖాయమని కళ్ళెదుట కనిపిస్తున్నప్పుడు తల్లి కోరే కోరిక ఇంకేముంటుంది? ఆమె అలా అడిగారని, బిడ్డకు నయం కావాలని అడిగే తల్లిని ఎవరూ తక్కువగా చూడకూడదు. రోగుల దగ్గరకు వెళ్ళి స్వస్థత కోసం దుఆ చేయడం, వైద్యం చేయించుకోమని చెప్పడం రెండూ దైవప్రవక్త (స) సున్నతే.

ఆ సాయంత్రానికి డెబ్భై మంది అమరులయ్యారు. మర్నాడే శత్రువును తరమడానికి హమ్రావుల్ అసద్ కు బయలుదేరమని పిలుపు వచ్చింది. ఉమ్మె అమ్మారా (రజి) బట్టలు బిగించి కట్టుకొని లేవబోయారు. నెత్తురు ఆగక లేవలేకపోయారు. రాత్రంతా గాయాలకు కాపడం పెడుతూ గడిపారు. దైవప్రవక్త (స) హమ్రావుల్ అసద్ నుంచి తిరిగి వచ్చాక, తన ఇంటికి చేరకముందే, ఆమె సోదరుడు అబ్దుల్లాహ్ బిన్ కఅబ్ (రజి)ను ఆమె ఎలా ఉన్నారో చూసి రమ్మని పంపారు. కులాసాగా ఉన్నారని కబురు తెలిశాక సంతోషించారు. ఆయన సొంత గాయాలు కూడా అప్పటికి ఆరలేదని మనం గుర్తుంచుకోవాలి. రణరంగంలో చేసిన దుఆ అక్కడితో అయిపోయిందని ఆయన అనుకోలేదు. దుఆ చేసినవారే మనిషిని కూడా పంపారు.

భుజం గాయానికి ఏడాది పాటు వైద్యం చేయించుకోవలసి వచ్చింది. మానిన తరువాత కూడా అక్కడ గుంట పడి మిగిలింది. చాలా ఏళ్ళ తరువాత ఉమ్మె సఅద్ అనే యువతి ఆమెను చూడటానికి వచ్చి, ఆ గుంట చూసి ఇదేమిటని అడిగింది. ఆ అమ్మాయి తండ్రి సఅద్ బిన్ రబీ (రజి) ఉహద్ లోనే అమరులయ్యారు. తండ్రి కన్నుమూసిన రోజు ఏం జరిగిందో ఆ బిడ్డ ఈ తల్లి నోట విన్నది. మనం ఈ రోజు చెప్పుకుంటున్న వివరాలలో చాలా భాగం అలా అందినవే.

తరువాతి ఏళ్ళలో హుదైబియాలో చెట్టు కింద జరిగిన బైఅత్ లోనూ, ఖైబర్ లోనూ, హునైన్ లోనూ ఆమె ఉన్నారు. ఇవన్నీ వివరించబోతే ఈ పేజీ చాలదు. ఇంట్లో ఆమె ఎలాంటి మనిషో చెప్పే చిన్న సంఘటన ఒకటి తిర్మిజీ గ్రంథంలో ఉంది. దైవప్రవక్త (స) ఆమె ఇంటికి వచ్చినప్పుడు భోజనం వడ్డించారు. నువ్వు కూడా తినమంటే, తాను ఉపవాసం ఉన్నానన్నారు. ఉపవాసి ముందు ఇతరులు తింటున్నంతసేపూ దైవదూతలు ఆ ఉపవాసి కోసం దుఆ చేస్తారని ఆయన ఆమెకు తెలిపారు.

ఇక హబీబ్ (రజి) సంగతి. దైవప్రవక్త (స) చివరి రోజుల్లో యమామా ప్రాంతంలో ముసైలిమా తానూ ప్రవక్తనేనని ప్రకటించుకున్నాడు. హబీబ్ (రజి) అతడి చేతికి చిక్కారు. ముహమ్మద్ (స) దైవప్రవక్త అని సాక్ష్యమిస్తావా అని అడిగితే హబీబ్ అవునన్నారు. నన్ను కూడా ప్రవక్తనని ఒప్పుకుంటావా అని అడిగితే, నాకు వినబడటం లేదన్నారు. అడిగిన ప్రతిసారీ అదే జవాబు. ప్రతి జవాబుకూ ఒక అవయవం నరికించి ముసైలిమా ఆయన ప్రాణం తీశాడు.

ఉహద్ లో చేతికి పీలిక చుట్టిన తల్లికి ఈసారి కట్టు కట్టడానికి బిడ్డ దేహం కూడా దొరకలేదు. ముసైలిమా అంతం చూస్తానని ఆమె ప్రతిజ్ఞ చేసుకున్నారు. దైవప్రవక్త (స) మరణానంతరం ఖలీఫా హజ్రత్ అబూబకర్ (రజి) యమామాకు సైన్యాన్ని పంపుతున్నప్పుడు ఆమె వెళ్ళి అనుమతి అడిగారు. నీలాంటి మనిషిని ఆపలేమని, నీ ధైర్యం మాకు తెలిసిందేనని చెప్పి ఖలీఫా వెళ్ళనిచ్చారు. వెంట అబ్దుల్లాహ్ (రజి) ఉన్నారు. సేనాధిపతి ఎవరో కాదు, ఉహద్ లో గుర్రపుదళంతో వెనుక నుంచి వచ్చిపడ్డ ఖాలిద్ బిన్ వలీదే. ఇప్పుడాయన ముస్లిం. ఒకనాడు ఆ దాడి వల్లనే ఒళ్ళంతా గాయాలైన స్త్రీ ఇప్పుడు ఆయన సైన్యంలో ఉన్నారు. దారిలో ఆయన తమను ఎంతో శ్రద్ధగా చూసుకున్నారని ఆమె చెప్పుకున్నారు.

క్రీస్తు శకం 633 ప్రాంతంలో జరిగిన ఆ యుద్ధం చాలా భయంకరమైనది. ఖుర్ఆన్ కంఠస్థం చేసిన హాఫిజ్ లు ఎందరో అందులో అమరులయ్యారు. ముసైలిమా మనుషులు గోడ కట్టిన ఒక తోటలో దూరి తలుపు వేసుకున్నారు. తోటలోకి చొచ్చుకుపోయినవారిలో ఉమ్మె అమ్మారా (రజి) ఉన్నారు. ఒకడు అడ్డం వచ్చి ఆమె చెయ్యి నరికాడు. ఆమె ఆగలేదు. ముసైలిమా కూలిపడి ఉన్న చోటికి చేరేసరికి అక్కడ అబ్దుల్లాహ్ (రజి) కత్తిని తన బట్టకు తుడుచుకుంటూ కనిపించారు. వహ్షీ విసిరిన బల్లెం, అబ్దుల్లాహ్ కొట్టిన కత్తి రెండూ ముసైలిమాను కూల్చాయి. ఉహద్ లో హజ్రత్ హమ్జా (రజి)ను చంపింది ఈ వహ్షీ బల్లెమే. నువ్వే చంపావా అని తల్లి అడిగారు, అవునమ్మా అన్నారు కొడుకు. ఆమె అక్కడే అల్లాహ్ కు కృతజ్ఞతగా సజ్దా చేశారు. అప్పటికి ఒక చెయ్యి లేదు, ఒంటి మీద మరో పదకొండు గాయాలున్నాయి.

ఖాలిద్ (రజి) వైద్యుడిని పిలిపించారు. తెగిన చేతికి నెత్తురు కట్టడానికి మరిగే నూనె వాడారు. చెయ్యి తెగినప్పటి బాధ కంటే ఆ వైద్యం బాధే ఎక్కువని ఆమె అన్నారట. మదీనా చేరిన తరువాత ఖలీఫా అబూబకర్ (రజి) స్వయంగా ఆమె ఇంటికి వచ్చి పరామర్శించారు. దేశమంతా తిరుగుబాట్లు, తలకు మించిన పనులు ఉన్న రోజులవి. అయినా ఒక జవాను తల్లి ఇంటికి, తానే ఒక జవాను అయిన స్త్రీ ఇంటికి నడిచి వచ్చారు.

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్నప్పుడు కొన్ని ఖరీదైన వస్త్రాలు వచ్చాయి. వాటిలో ఒకటి చాలా వెడల్పైనది, మేలైనది. దాన్ని ఖలీఫా కోడలు, అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) భార్య సఫియ్యాకు పంపమని ఒకరు సలహా ఇచ్చారు. కొత్తకోడలు కదా అన్నారు. అంతకంటే అర్హురాలు ఉన్నదని చెప్పి ఉమర్ (రజి) ఆ వస్త్రాన్ని ఉమ్మె అమ్మారా (రజి)కు పంపించారు. ఉహద్ రోజున కుడివైపు తిరిగినా ఎడమవైపు తిరిగినా నన్ను కాపాడుతూ ఆమే కనిపించిందని దైవప్రవక్త (స) చెప్పగా తాను విన్నానని అందుకు కారణం చెప్పారు. సొంత ఇంటి కోడలిని పక్కన పెట్టి ఇచ్చిన వస్త్రమది. ఆమె వంటి తల్లులకు ప్రభుత్వం ఏమివ్వాలన్న లెక్క ఆ రోజుల్లో ఇలా ఉండేది.

ఇక మిగిలింది అబ్దుల్లాహ్ (రజి). అజాన్ పదాలను కలలో విన్న అబ్దుల్లాహ్ బిన్ జైద్ (రజి) వేరొకరు, ఆయన తాత పేరు అబ్దె రబ్బిహీ. పేర్లు కలవడం వల్ల పెద్ద పండితులే పొరబడ్డారని ఇమామ్ బుఖారీ రాశారు కాబట్టి మనమూ జాగ్రత్తపడటం మంచిది. మన అబ్దుల్లాహ్ ఆసిమ్ మనవడు, ఉమ్మె అమ్మారా కొడుకు. వానల కోసం చేసే నమాజు గురించి, దైవప్రవక్త (స) పై వస్త్రాన్ని తిప్పి వేసుకొని రెండు రకాతులు చేసిన సంగతి గురించి చెప్పింది ఈయనే. వానకు ముఖం వాచిన ఏడు మన ఊళ్ళ ఈద్గాలలో చేసే నమాజు అదే. దైవప్రవక్త (స) ఇంటికీ మింబరుకూ నడుమ ఉన్న చోటు స్వర్గవనాలలో ఒకటన్న శుభవార్తను మనకు చేరవేసినవారిలోనూ ఈయన ఉన్నారు. స్వర్గంలో ఆయన పక్కన చోటు కావాలని అడిగిన తల్లికి కొడుకు కదా.

ఒకరోజు మదీనాలో కొందరు వచ్చి, దైవప్రవక్త (స) వుజూ ఎలా చేసేవారో చూపించమని అబ్దుల్లాహ్ (రజి)ను అడిగారు. ఆయన ఒక పాత్రలో నీళ్ళు తెప్పించుకొని ముంజేతులు కడిగారు, నోరు పుక్కిలించారు, ముఖం కడిగారు, రెండు చేతులను మోచేతుల వరకు రెండేసిసార్లు కడిగారు, ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు తల తడిచేశారు. ఆ వుజూ బుఖారీలోనూ ముస్లిమ్ లోనూ నమోదైంది. తల మీద చేతులు ఎలా జరపాలో పిల్లలకు మనం నేర్పేటప్పుడు చూపించేది ఆ కదలికే. ఆ రోజు ఆయన మోచేయి వరకు కడిగి చూపించిన చేతుల్లో ఒకటి, ఉహద్ మైదానంలో తల్లి నడుము నుంచి పీలిక తీసి కట్టిన ఎడమ చెయ్యి.

హిజ్రీ 63వ సంవత్సరంలో, అంటే 683లో, యజీద్ సైన్యం మదీనా మీదికి వచ్చింది. నగరవాసులు నాయకుని చేతిలో చెయ్యి వేసి చావుకు సిద్ధమని బైఅత్ చేస్తున్నారని ఒకరు వచ్చి అబ్దుల్లాహ్ (రజి)కు చెప్పారు. దైవప్రవక్త (స) తరువాత మరెవరి చేతిలోనూ అలాంటి బైఅత్ చేయనని ఆయన జవాబిచ్చారు. ఆ యుద్ధంలోనే, మదీనా తూర్పున హర్రా అని పిలిచే నల్లరాళ్ళ నేల దగ్గర, ఆయన అమరులయ్యారు. ఉహద్ జరిగి అప్పటికి అరవై ఏళ్ళు.